రొయ్యల గుంటల కాడ అమ్మీటరు బిగించే పద్ధతి

నేను మోటార్లు చుట్టేవాణ్ని. నెల్లూరు జిల్లా కోవూరులో చిన్న షాపు. కాయిల్ కట్టడం, స్టార్టర్లు బాగు చేయడం, ఫోన్ చేస్తే గుంటల మీదికి పోయి ప్యానెల్ బోర్డు చూసి రావడం, 26 ఏళ్లుగా ఇదే పని. ఈ మధ్య విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలవాళ్లు ఒకరిని చూసి ఒకరు అడుగుతున్నారు, "మేస్త్రీ, మాకు కూడా ఆ ముల్లు మీటరు పెట్టియ్యి" అని. అడగడానికి కారణం ఉంది. నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు పన్నెండు తిరిగే చోట రాత్రి రెండింటికి ఒకటి ఆగిపోతే ఎవరికీ తెలీదు. పన్నెండింటి మోతకూ పదకొండింటి మోతకూ తేడా చెవికి అందదు. మోటార్లు ఎంత కరెంటు లాగుతున్నాయో చూపే అమ్మీటరు షెడ్డులో గోడకుంటే, దాని ముల్లు మాత్రం మూడు యాంపులు కిందికి జారి ఉంటుంది. మంచం మీద పడుకున్న కాపలా మనిషి టార్చి వేస్తే చాలు, లేచి గట్టు మీదికి పోవాలా వద్దా అన్నది తెలిసిపోతుంది.

మీటరు బిగించడం పెద్ద పనేం కాదు, అరపూట పని. కానీ తప్పు బిగిస్తే ప్రాణం మీదికి వచ్చే పని. స్టార్టర్ మూత ఎప్పుడూ తీయనివాళ్లు ఇది చదివి అర్థం చేసుకోండి, స్క్రూడ్రైవర్ మాత్రం లైసెన్సు ఉన్న వైర్‌మన్ చేతికే ఇవ్వండి. పక్కన నిలబడి అతను సరిగ్గా చేస్తున్నాడా లేదా చూసుకోవడానికైనా పనికొస్తుంది.

ముందు నా తప్పు చెప్తాను. పని నేర్చుకునే రోజుల్లో, 17 ఏళ్లప్పుడు, నెల్లూరులో ఒక వైండింగ్ షాపులో ఉండేవాణ్ని. బల్ల మీద రెండు మీటర్లుండేవి. రెండూ నల్లటి చదరపు డబ్బాలే, ముందు గాజు, వెనక రెండు బోల్టులు. ఒకటి వోల్ట్‌మీటరు, ఇంకోటి అమ్మీటరు. వోల్ట్‌మీటరు వైర్లు రెండూ ప్లగ్గు రంధ్రాల్లో దూర్చి వోల్టేజీ చూడటం అప్పటికే అలవాటైపోయింది. ఒకరోజు మేస్త్రి భోజనానికి పోయిన సమయంలో, రెండో మీటరు వైర్లు కూడా అట్నే దూర్చాను. టప్ మంది. తెల్లటి వెలుగు, కాలిన వాసన, షాపంతా చీకటి. కళ్ల ముందు పావుగంట పాటు పచ్చటి మచ్చ తిరిగింది. ఎడమ బొటనవేలి పక్కన కాలిన గుర్తు ఇప్పటికీ ఉంది. మేస్త్రి వచ్చి చూసి, తిట్టలేదు. "ఏందిరా, తీగముక్క తీసుకుని ఫేజుకూ న్యూట్రల్‌కూ కలిపావే?" అన్నాడు.

"తీగ కాదన్నా, మీటరు."

"మీటరు కాదురా, తీగే."

ఆ మాట అర్థమైతే మిగతా పనంతా దాన్నుంచే వస్తుంది. అమ్మీటరు లోపల ఉండేది లావుపాటి రాగితీగ నాలుగు చుట్లు. దాని నిరోధం దాదాపు సున్నా. మోటారుకు పోయే కరెంటు మొత్తం దానిలోంచే పోవాలి కాబట్టి అట్లా చేస్తారు. అందుకే దాన్ని పోయే వైరు తెంపి ఆ మధ్యలో పెట్టాలి, సిరీస్‌లో అంటామే, అట్లా. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, లేదా రెండు ఫేజుల మధ్య పెడితే నేరుగా షార్టే. వోల్ట్‌మీటరు పక్కన నిలబడి చూసే మనిషి, అమ్మీటరు మోసే మనిషి.

మోసే మనిషి అన్నాను కాబట్టి ఇంకో సంగతి. మా వైపు చాలామంది చేసే తప్పు ఇది. "మీటరుకే కదా" అని సన్నటి బెల్లు వైరు వేస్తారు. వోల్ట్‌మీటరుకైతే సరిపోతుంది. అమ్మీటరును నేరుగా లైన్లో కలిపేటప్పుడు మాత్రం మోటారుకు ఏ వైరు పోతోందో అదే లావు వైరు మీటరుకు రావాలి, మీటరు నుంచి పోవాలి. 4 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల లావు) వైరు లైన్లో ఒక మూర పొడవు 0.75 వైరు పెట్టారంటే ఆ మూర మొదట కాలుతుంది. ఒక షెడ్డులో నేను చూసినప్పటికి దాని తొడుగు కరిగి తలుపు రేకుకు అంటుకుని ఉంది. తలుపు ముట్టుకుంటే షాకు కొడుతోందని వాళ్లు కర్రతో తెరుస్తున్నారు!

ఇక మీటరు కొనేటప్పుడు. షాపులో "అమ్మీటరు ఇవ్వండి" అంటే చేతికి ఏది దొరికితే అది ఇస్తారు. డయల్ మీద కింద మూలన చిన్న గుర్తులుంటాయి, అవి చూడాలి. అల మాదిరి వంకర గీత ఉంటే ఏసీ. అడ్డంగా వంకర లేని గీత ఉంటే డీసీ, బ్యాటరీలకూ సోలార్‌కూ పనికొచ్చేది. డీసీ మీటరు లోపల అయస్కాంతం, దాని మధ్య తిరిగే కాయిల్ ఉంటాయి. దాన్ని సెకనుకు 50 సైకిళ్లు అటూ ఇటూ తిరిగే మన ఏసీ కరెంటులో పెడితే ముల్లు అటు తోయాలా ఇటు తోయాలా తెలీక సున్నా దగ్గరే వణుకుతుంది. కరెంటు పోతూనే ఉంటుంది, మీటరు సున్నా చూపిస్తుంది. పైగా కాయిల్ వేడెక్కి కాలిపోతుంది. ఏసీకి మూవింగ్ ఐరన్ రకం కావాలి. గాజులోంచి చూసినా గుర్తుపట్టొచ్చు, మొదట్లో అంకెలు ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని, పోనుపోను ఎడంగా ఉంటాయి. అది తయారీ లోపం కాదు, ఆ రకం మీటరు తీరే అంత. అందుకే మన మామూలు లోడు స్కేలుకు సగం దగ్గరో, కాస్త పైనో పడేట్టు మీటరు ఎంచుకోవాలి.

లెక్క చూడండి. 415 వోల్టుల త్రీఫేజు మోటారు నిండు లోడులో హెచ్‌పీకి సుమారు ఒకటిన్నర యాంపు లాగుతుందనుకోండి. 5 హెచ్‌పీ మోటారు 7, 7.5. రెండు హెచ్‌పీ ఏరియేటరు 3 నుంచి 3.5. మోటారు మీదున్న రేకు చదివితే ఇంకా మంచిది, అది చెప్పిందే లెక్క. 5 హెచ్‌పీకి 0–15 మీటరు సరిపోతుంది. 0–60 తీసుకుంటే ముల్లు ఆ ఇరుకు అంకెల్లోనే ఉండిపోతుంది, 7కూ 9కీ తేడా కనపడదు. మామూలు ప్యానెల్ మీటర్ల మీద క్లాస్ 1.5 అని ఉంటుంది. దాని అర్థం, పూర్తి స్కేలులో నూటికి ఒకటిన్నర వరకు అటూ ఇటూ ఉండొచ్చని. 0–60 మీటరులో అది 0.9 యాంపు. చిన్న మోటారు సంగతి చెప్పడానికి అది పనికిరాదు.

0–10 కూడా తీసుకోకండి. మోటారు మొదలయ్యేటప్పుడు రెండు మూడు సెకన్ల పాటు అయిదారు రెట్లు లాగుతుంది. 5 హెచ్‌పీ అంటే 40 యాంపుల దాకా ఒక్క ఎగురు ఎగురుతుంది. రోజుకు పదిసార్లు ముల్లు చివరి పిన్నుకు కొట్టుకుంటే నెలకల్లా వంగిపోతుంది. మోటార్ల కోసమే చేసిన మీటర్లుంటాయి, చివర్లో స్కేలు ఇరుకై ఆరు రెట్ల దాకా అంకెలు వేసి ఉంటాయి. దొరికితే అదే తీసుకోండి. నెల్లూరులో దొరక్కపోతే చెన్నై నుంచి తెప్పించి ఇస్తారు.

డిజిటల్ మీటరు ఎందుకు వద్దంటానంటే, దానికి ఆర్భాటం ఎక్కువ. వెనక నాలుగు బోల్టులుంటాయి, రెండు దానికి కావాల్సిన 230 వోల్టుల సప్లయ్‌కి, రెండు కొలవాల్సిన కరెంటుకు. కొలిచే బోల్టులకు సప్లయ్ కలిపినవాళ్లను నలుగురిని చూశాను. కరెంటు పోయి ముల్లు సున్నాకు పడితే దూరం నుంచే తెలుస్తుంది. అంకెలు ఆరిపోతే మీటరు చెడిందా, కరెంటు పోయిందా అని ఆలోచించాలి.

కరెంటు తీయడం

ఇక్కడ కాసేపు ఆగుదాం. పుస్తకంలో "సప్లయ్ ఆపండి" అని ఒక్క మాట రాసి ముందుకు పోతారు. గుంటల మీద ఆ ఒక్క మాటే సగం పని.

మొదటిది, ఎప్పుడు ఆపాలి. పొద్దున్నే చల్లగా ఉంటుంది కదా అని తెల్లవారుజామున మొదలుపెడితే రైతు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. రాత్రంతా నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి తెల్లవారే ముందు అట్టడుగుకు పోతుంది, అప్పుడే ఏరియేటర్లు ఎక్కువ కావాలి. ఎండ బాగా ఉన్నప్పుడు నీళ్లలోని పాచే ఆక్సిజన్ ఇస్తుంది. పదకొండు, రెండు మధ్య నేను పని పెట్టుకుంటాను. మబ్బు పట్టిన రోజు అసలు పోను.

రెండోది, జనరేటర్. ప్రతి గుంటల షెడ్డులోనూ ఒకటుంటుంది. రామతీర్థం వైపు ఒకసారి మెయిన్ దించి, ఫ్యూజులు పీకి, ప్యానెల్ తలుపు తెరిచి స్క్రూడ్రైవర్ పెట్టబోతున్నాను. కాపలా ఉండే పెద్దాయన గట్టు చివర నుంచి ఏరియేటర్లు ఆగినట్టు చూశాడు. కరెంటు పోయిందనుకున్నాడు. ఆయన చేసింది ఆయన పనే, పరుగున వచ్చి జనరేటర్ తాళం తిప్పాడు, లైను నుంచి జనరేటర్‌కు మార్చే చేంజోవర్ స్విచ్చు అటు వేశాడు. నేను అప్పుడే టెస్ట్‌లాంప్ పెట్టి ఉన్నాను. చేతిలో ఉన్న లాంపు, ఆరిపోయి ఉన్నది కాస్తా, భగ్గున వెలిగింది. చెమట్లు పట్టాయి. "ఏంది సామీ, చెప్పాలా వద్దా!" అన్నాడాయన, నిజమే, చెప్పాల్సింది నేనే. ఆ రోజు నుంచి ముందు జనరేటర్ బ్యాటరీ వైరు విప్పి పక్కన పెడతాను, చేంజోవర్ మధ్యలో పెట్టి తాడుతో కడతాను, అందరినీ పిలిచి చెప్తాను, ఫ్యూజు క్యారియర్లు మూడూ నా జేబులో వేసుకుంటాను. జేబు బరువుగా ఉంటే భద్రంగా అనిపిస్తుంది. దానంతటదే స్టార్టయ్యే జనరేటర్ అయితే దాని స్విచ్చును ఆటో నుంచి ఆఫ్‌కు మార్చడం మరవకండి.

మూడోది, టెస్టర్‌ను నమ్మకండి. ఆ చిన్న నియాన్ టెస్టర్ వెలగలేదంటే కరెంటు లేదని కాదు, టెస్టరే చచ్చి ఉండొచ్చు, ఎండలో వెలుగు కనపడకపోయి ఉండొచ్చు. నేను రెండు బల్బులు సిరీస్‌లో కట్టిన టెస్ట్‌లాంప్ వాడతాను. త్రీఫేజులో ఒక్క బల్బు పెడితే 415కి పేలుతుంది, అందుకే రెండు. మొదట కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి వెలుగుతోందో లేదో చూస్తాను. తర్వాత నేను పని చేయబోయే బోల్టుల మీద, ఫేజుకూ ఫేజుకూ మధ్య మూడు జతలు, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య మూడు, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య మూడు. తర్వాత మళ్లీ కరెంటు ఉన్న చోట పెట్టి లాంపు ఇంకా బతికే ఉందని చూసుకుంటాను. మధ్యలో ఫిలమెంటు తెగితే అన్ని చోట్లా ఆరిపోయే ఉంటుంది, మనం కరెంటు లేదనుకుంటాం. షెడ్డులో కెపాసిటర్లు ఉంటే మెయిన్ తీశాక కూడా అవి ఛార్జి పట్టుకుని ఉంటాయి. అయిదు నిమిషాలు ఆగి, బల్బు పెట్టి వాటిని దించాక చెయ్యి పెట్టాలి.

ఉప్పునీళ్ల మీదుగా వచ్చిన కాళ్లతో, తడి లుంగీతో ప్యానెల్ ముందు నిలబడొద్దు. ఎండిన చెక్క పలక వేసుకోండి, కాళ్లు తుడుచుకోండి. ఒంటరిగా చేయకండి, మెయిన్ ఎక్కడుందో తెలిసిన మనిషి పక్కన ఉండాలి. కరెంటోళ్ల మీటరు, దాని సీలు మన పని కాదు. వాటి తర్వాత నుంచే మనది.

ఒక్క మోటారుకు

బోరు మోటారుకో, ఒకే ఏరియేటరుకో అయితే మీటరు నేరుగా లైన్లో పెట్టొచ్చు, 30 యాంపుల దాకా అట్లాంటి మీటర్లు మామూలుగానే దొరుకుతాయి. స్టార్టర్‌లో రిలే (లోడు ఎక్కువైతే మోటారును ఆపేది) దాటి మోటారుకు పోయే మూడు వైర్లలో ఒకటి విప్పుతాం. విప్పిన బోల్టు నుంచి ఒక వైరు మీటరు ఒక బోల్టుకు, మీటరు రెండో బోల్టు నుంచి ఒక వైరు మోటారు వైరుకు. ఏసీ కాబట్టి ఏ బోల్టుకు ఏది అన్న పట్టింపు లేదు. సింగిల్ ఫేజు మోటారైతే ఫేజు వైరులోనే పెట్టాలి, న్యూట్రల్‌లో వద్దు. న్యూట్రల్‌లో పెడితే అంకె అదే వస్తుంది, నిజమే. కానీ మీటరు బోల్టు ఊడిన రోజు మోటారు ఆగిపోతుంది, ఫేజు మాత్రం మోటారు దాకా వచ్చి కూర్చునే ఉంటుంది. చచ్చిందనుకుని చెయ్యి పెట్టినవాడికి తగులుతుంది.

పోగుల వైరును మెలితిప్పి బోల్టు చుట్టూ తిప్పి బిగించడం మన అలవాటు. దానికి బదులు లగ్గు, అంటే వైరు చివర తొడిగే రింగు ముక్క, నొక్కి క్రింప్ చేయండి. లగ్గు, దాని మీద వాషరు, స్ప్రింగు వాషరు, నట్టు. నట్టు బిగించేటప్పుడు మీటరు వైపు ఉన్న రెండో నట్టును ఇంకో స్పానరుతో పట్టుకోవాలి. లేదంటే బోల్టు మొత్తం తిరిగి లోపల కాయిల్ టంకం ఊడిపోతుంది. కొత్త మీటరును బిగిస్తూనే పాడు చేసేది ఇక్కడే. బిగించాక వైరు పట్టుకుని గట్టిగా లాగి చూస్తాను. ఉప్పు గాలికి ఇత్తడి బోల్టులు నాలుగు నెలల్లో పచ్చగా చిలుము పడతాయి, లూజైన చోట వేడెక్కుతాయి, వేడెక్కిన చోట ఇంకా చిలుము. వెనక బోల్టులకు ప్లాస్టిక్ తొడుగు పెట్టండి, తలుపు తెరిచినప్పుడు చెయ్యి తగలకుండా. తలుపుకు పోయే వైర్లు మూసినప్పుడు నలగకుండా కాస్త వదులు ఇచ్చి, చుట్టుడు పైపులో వేయండి. ఇనప తలుపుకు విడిగా ఎర్త్ వైరు ఉండాలి.

అన్ని ఏరియేటర్లకు కలిపి

పన్నెండు ఏరియేటర్లంటే కలిపి 40 యాంపుల దాకా. అంత కరెంటు తలుపు మీది మీటరు దాకా తెచ్చి తీసుకుపోవడం పిచ్చి పని. ఇక్కడ సీటీ, అంటే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, వాడతాం. గారె ఆకారంలో నల్లటి రింగు, దాని నుంచి ఎస్1, ఎస్2 అని రెండు చివరలు. మెయిన్ ఫేజు వైరును రింగు మధ్యలోంచి దూర్చితే చాలు, దాన్ని తెంపక్కర్లేదు. రింగు మీద 75/5 అని ఉంటే, వైరులో 75 పోయినప్పుడు ఎస్1, ఎస్2 నుంచి 5 వస్తుంది. 40 పోతే రెండున్నర కంటే కాస్త ఎక్కువ. మీటరు 5 యాంపులదే, డయల్ మీద మాత్రం 75 వరకు రాసి ఉంటుంది. కాబట్టి రెండూ జోడీగా కొనాలి. 75/5 సీటీకి 100/5 డయల్ మీటరు పెడితే 40కి 53 చూపిస్తుంది. రైతు మోటార్లు కాలిపోతున్నాయని ఫోన్ చేస్తాడు.

పెద్ద సీటీ ఒక్కటే దొరికి లోడు చిన్నదైతే, ఫేజు వైరును రింగులోంచి రెండుసార్లు దూర్చండి, 50/5 కాస్తా 25/5 అవుతుంది. లెక్కపెట్టాల్సింది రంధ్రంలోంచి ఎన్నిసార్లు పోయిందన్నది, బయట ఎన్ని చుట్లు కనపడుతున్నాయన్నది కాదు. బయట ఒక్క చుట్టు కనపడితే లోపల రెండుసార్లు పోయినట్టు. ఇందులో నేనూ ఒకసారి తప్పాను.

రింగులోంచి ఒక్క ఫేజే పోవాలి. మూడు ఫేజుల కేబుల్‌ను మొత్తంగా దూర్చితే మూడూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది. వైరును దవడతో పట్టి కొలిచే క్లాంప్ మీటరు వాడేటప్పుడూ ఇదే మాట. మా షాపుకు వచ్చే కుర్రాళ్లు కొందరు కేబుల్ మొత్తాన్ని దవడలో పెట్టి "కరెంటు పోవడం లేదన్నా" అంటారు, పక్కన మోటారు మోగుతూనే ఉంటుంది.

ఇప్పుడు అసలు భయపడాల్సిన సంగతి. లైన్లో లోడు నడుస్తుండగా సీటీ ఎస్1, ఎస్2 ఎప్పుడూ తెరిచి ఉండకూడదు. ఇది చాలామందికి తలకిందులుగా అనిపిస్తుంది. మామూలు లైన్లో రెండు వైర్లు తగిలితే ప్రమాదం, విడిపోతే క్షేమం. సీటీలో విడిపోతే ప్రమాదం, తగిలితే క్షేమం. ఎందుకంటే మెయిన్ వైరులో ఎంత కరెంటు పోవాలో నిర్ణయించేది మోటార్లు, సీటీ కాదు. ఆ కరెంటు రింగు ఇనుములో అయస్కాంతాన్ని పుట్టిస్తుంది, ఎస్1, ఎస్2లో తిరిగే కరెంటు దాన్ని ఎదురు తోసి అణచి ఉంచుతుంది. అణిచేది లేకుండా చేశారంటే మెయిన్ కరెంటు మొత్తం ఇనుము మీదే పడి, తెరిచిన ఆ రెండు చివరల మధ్య వోల్టేజీ ఎగదన్నుతుంది. చిన్న రింగుల్లోనే వందల వోల్టులు, మిల్లుల్లో వాడే పెద్ద వాటిల్లో వేలల్లో. వైరు చివర నీలం నిప్పు తీగలా సాగుతుంది, రింగు నుంచి కాలిన వాసన వస్తుంది. కాబట్టి సీటీ వైపు ఫ్యూజు పెట్టకూడదు, మామూలు ఆన్–ఆఫ్ స్విచ్చు పెట్టకూడదు, వైర్లకు మెలితిప్పిన జాయింట్లు ఉండకూడదు.

నేను చేసే వరస ఇది. కరెంటు పూర్తిగా తీశాక, సీటీ రింగును ఫేజు వైరులో వేయకముందే ఎస్1, ఎస్2 రెంటినీ చిన్న రాగితీగతో కలిపి స్క్రూ బిగిస్తాను. తర్వాత రింగు వేసి, పీ1 అని రాసిన ముఖం సప్లయ్ వైపు ఉండేట్టు కడతాను. ఒట్టి అమ్మీటరుకు దిక్కు పట్టింపు లేదు కానీ రేపు ఎవరైనా యూనిట్ల మీటరు కలపాలంటే సరిగ్గా ఉంటుంది. రెండున్నర స్క్వేర్ రాగి వైరుతో మీటరుకు కలుపుతాను. ఎస్2ను ఎర్త్‌కు కలుపుతాను, లోపల ఇన్సులేషన్ పోయి 415 మీటరు వైపు వస్తే భూమిలోకి పోయేట్టు. అన్ని బోల్టులూ లాగి చూశాక, చిట్టచివర్న ఆ రాగితీగ విప్పుతాను. ఆ తీగముక్కను పారేయకుండా ప్యానెల్ లోపలే మేకుకు తగిలిస్తాను. మీటరు మార్చాల్సి వస్తే ముందు దాన్ని ఎస్1, ఎస్2కు బిగించాలి. కరెంటు తీసి చేసేటప్పుడు కూడా.

సీటీని మీటరుకు దగ్గరలోనే పెట్టండి. షెడ్డు ఒక మూలన రింగు, ఇంకో మూలన మీటరు పెడితే పోను పది మీటర్లు, రాను పది మీటర్లు రెండున్నర స్క్వేర్ వైరే దాదాపు 3.7 వీఏ (వోల్టు-యాంపు, సీటీ మోసే బరువు లెక్క) మింగేస్తుంది. 5 వీఏ అని రాసి ఉన్న రింగుకు అప్పటికే సగం పైన బరువు, మీటరు బరువు వేరే.

మూడు ఫేజులు ఎందుకు చూడాలో కూడా చెప్పాలి. మొదట్లో ఖర్చు తగ్గుతుందని ఒక్క ఎర్ర ఫేజుకే మీటరు పెట్టి, కాపలా మనిషికి "ముల్లు దిగితే నాకు ఫోన్ చెయ్యి" అని చెప్పాను. ఒక రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పసుపు ఫేజు ఫ్యూజు పోయింది. పసుపు లేకపోయేసరికి ఎర్ర ఫేజు, నీలం ఫేజు ఆ బరువు కూడా మోశాయి, ముల్లు 40 నుంచి 65 దాకా పోయింది. పొద్దున పోతే ఆయన సంతోషంగా చెప్పాడు, "రాత్రి మీటరు బాగా ఎక్కువ చూపించిందన్నా, ఫ్యాన్లు బలంగా తిరుగుతున్నాయనుకున్నా!" మూడు మోటార్లు కాలిపోయాయి. రిలేలు ట్రిప్ అవుతున్నాయని ఎవరో డయల్ చివరికి తిప్పేసి ఉన్నారు. తప్పు నాదే. దిగితే అని చెప్పాను, ఎక్కితే అని చెప్పలేదు.

అప్పటి నుంచి మూడు ఫేజులకూ మూడు సీటీలు, ఒక మీటరు, మధ్యలో సెలెక్టర్ స్విచ్చు. మూడు ఎస్2లు కలిపి ఎర్త్‌కూ, స్విచ్చు మీది కామన్ బోల్టుకూ, మూడు ఎస్1లు స్విచ్చు మీద ఆర్, వై, బీ బోల్టులకు, స్విచ్చు నుంచి రెండు వైర్లు మీటరుకు. అమ్మీటరు సెలెక్టర్ స్విచ్చు ఒక ఫేజు చూపిస్తున్నప్పుడు మిగతా రెండు సీటీలను లోపల తనే షార్టు చేసి ఉంచుతుంది. వోల్ట్‌మీటరు సెలెక్టర్ స్విచ్చు కూడా చూడటానికి అచ్చం ఇట్లాగే ఉంటుంది, అదే పిడి, అదే ఆర్ వై బీ. అది షార్టు చేయదు. తిప్పిన ప్రతిసారీ సీటీలు తెరుచుకుంటాయి. షాపతను తొందరలో ఏదిస్తే అది తెచ్చుకోకుండా డబ్బా మీద, ముందు రేకు మీద రాసింది చదవండి. ప్యానెల్ తలుపు మీద చోటుంటే స్విచ్చు లేకుండా మూడు మీటర్లే పెట్టుకోండి, ఇంకా మేలు. కాపలా మనిషి స్విచ్చు తిప్పక్కర్లేదు, మూడు ముళ్లూ ఒకే ఎత్తులో ఉన్నాయా లేదా చూస్తాడు.

కరెంటు ఇచ్చే ముందు మీటరు నిలువుగా ఉండగా గాజు కింద ఉన్న చిన్న స్క్రూతో ముల్లును సున్నాకు తేవాలి. ఇక ప్యానెల్ లోపల మరిచిపోయిన స్పానరు, తీగముక్కలు ఏమీ లేవని చూసుకుని తలుపు మూయండి. ఫ్యూజులు పెట్టి మెయిన్ ఎత్తేటప్పుడు ప్యానెల్ ముందు నిలబడకుండా పక్కకు జరగండి, మొహం అటు తిప్పుకోండి. ఏరియేటర్లు ఒక్కోటి వేస్తూ ఒక్కోదానికీ ముల్లు మూడు యాంపులు ఎక్కుతోందో లేదో చూడాలి. ముల్లు కదలకపోతే రాగితీగ విప్పడం మరిచిపోయారేమో చూడండి, నాకు రెండుసార్లు జరిగింది. అన్నీ తిరిగాక ప్రతి ఫేజు దగ్గరా క్లాంప్ మీటరు పెట్టి ముల్లు చెప్పినదానితో పోల్చండి. ఒకటి రెండు యాంపుల తేడా పట్టించుకోవద్దు.

చివర్న గోళ్ల రంగు. మా ఇంట్లోది ఒక ఎర్ర సీసా పనిపెట్టెలోనే ఉంటుంది. పన్నెండూ తిరిగేటప్పుడు ముల్లు ఎక్కడ నిలిచిందో అక్కడ గాజు మీద ఒక గీత గీస్తాను. దానికి రెండు యాంపులు కింద ఒకటి, అయిదు యాంపులు పైన ఒకటి. కాపలా పెద్దాయనకు అంకెలతో పని లేదు, ముల్లు కింది గీతకూ పై గీతకూ మధ్య ఉందా లేదా అన్నదే. పగలు కొన్ని ఏరియేటర్లు ఆపుతారు కాబట్టి ఆ గీతలు రాత్రికి మాత్రమే అని కూడా చెప్తాను. తలుపు లోపలి వైపు మార్కరుతో సీటీ 75/5, బిగించిన తేదీ, ఏ గుంటకు ఎన్ని ఏరియేటర్లు అన్నది రాసి వస్తాను. వారం తర్వాత ఒకసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి, కరెంటు తీసి బోల్టులన్నీ మళ్లీ బిగించాలి. అప్పుడు కూడా జనరేటర్ బ్యాటరీ వైరు ముందు విప్పాలి.